జుమేరాత్ ముంత

మా అత్తగారింట్లో జుమేరాత్ శనివారం నాడు వచ్చేది.

కాపురానికి వచ్చిన మొదటి వారం ఈ లెక్క నా బుర్రకు ఎక్కలేదు. శుక్రవారం పొద్దున మా అత్త మిరియాలు చాటలో పోసి ఏరుతూ, రేపు జుమేరాత్ కదా, ఈత కల్లు సంగతి ఇవాళే చెప్పి పెట్టాలి అంది. జుమేరాత్ అంటే గురువారం, మా బేస్తవారమని మా తల్లిగారి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈమెకు వారాలు రావు కాబోలు అనుకుని నోరు మూసుకున్నాను. పదహారేళ్ల కొత్త కోడలు అత్తకు వారాలు నేర్పే రోజులు కావవి.

తర్వాత తెలిసింది. మా మామ నల్లగొండలో తాలూకా కచేరీ చప్రాసీ. నైజాం జమానాలో కచేరీలకు శుక్రవారం సెలవు ఉండేది. ఆయన బేస్తవారం సాయంత్రం డ్యూటీ దిగి, దొరికినంత దూరం ఎవరి బండి మీదనో వచ్చి, మిగిలిన దూరం నడిచి ఊరు చేరేవాడు. ఆ సాయంత్రం ఆయన కోసం అత్త ఒక ముంత కల్లు కలిపి పెట్టేది. రాజ్యం మారాక సెలవు ఆదివారానికి జరిగింది. మామ రాక శనివారానికి మారింది. ముంతకు పడ్డ జుమేరాత్ పేరు మాత్రం మారలేదు. నేను వెళ్లేసరికి యాభైల చివరి రోజులు. అప్పటికి సెలవు మారి ఎన్నో ఏళ్లయినా, ఇంట్లో శనివారం సాయంత్రాన్ని జుమేరాత్ అనే పిలిచేవాళ్లు.

కల్లు కలపడం ఏమిటని మీరు అడగొచ్చు. ఊరంతా కల్లును చెట్టు దించినట్టే తాగేది. మా అత్త ఒక్కతే అందులో ఏవేవో కలిపేది, అందుకు ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు కూడా. మామ వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద అధికారి బంగళాలో పనిచేశాడట. బేస్తవారం సాయంత్రం దోస్తులు వస్తే ఆ అధికారి సీసాలోని సరుకుకు నారింజ రసం, దానిమ్మ రసం కలిపి, మంచుగడ్డ వేసి గాజు గ్లాసుల్లో ఇచ్చేవాడట. ఆ ముచ్చట ఇంటికొచ్చి పెళ్లానికి చెప్పాడు. మనకు సీసా లేదు, మంచు లేదు, కానీ పండ్లకేం కరువు అందట అత్త. ఆ వారమే మొదలుపెట్టింది.

చలికాలం ఈత కల్లులో మిరియాలు, శొంఠి నూరి వేసి, పొయ్యిలో ఎర్రగా కాల్చిన ఇనుప కమ్మిని సుయ్యిమని ముంచేది. ఎండాకాలం తాటి కల్లుకు నిప్పుల మీద కాల్చిన మామిడికాయ గుజ్జు, లేత ముంజలు. తొలకరికి నేరేడు పండ్లు పిసికి పోస్తే కల్లు వంకాయ రంగు తిరిగేది. దసరా దాటాక సీతాఫలం. మా ఆయన ఎండాకాలమంతా గొర్రెలను తోలుకుని అమ్రాబాద్ అడవుల దిక్కు పోయేవాడు. వానలు పడ్డాక వచ్చేటప్పుడు అక్కడి చెంచుల దగ్గర సుగంధి వాసన వేసే మారేడు గడ్డలు తెచ్చేవాడు. ఆ గడ్డ రసం రెండు చుక్కలు పడితే ముంత మూత తీయగానే ఇల్లంతా వాసన వచ్చేది.

నేను మటుకు ఇదంతా చూసి లోపల్లోపల మండిపడేదాన్ని. మా బాపు కల్లు ముట్టేవాడు కాదు. ఒక్క మనిషి తాగడానికి ఇద్దరు ఆడవాళ్లు పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర నిలబడాలా అని నా కోపం. మామ నోరు జారే మనిషి కాదు, చేయి చేసుకునే మనిషి అసలే కాదు. అయినా నాకు గౌరవం పుట్టలేదు. మా వైపు కోడలు మామ ఎదుట పడకూడదు. నేను తలుపు చాటున ఉండేదాన్ని. అక్కడి నుంచి నాకు ఆయన పాదాలు, పక్కన విడిచిన కిర్రు చెప్పులు, అరుగు మెట్టు దగ్గర చేటంత నేల కనపడేవి. మొదటి రెండేళ్లు మామ అంటే నాకు అంతే.

ఆ చేటంత నేల సంగతి చెప్పాలి. ముంత చేతికి రాగానే ఆయన నోటికి ఎత్తేవాడు కాదు. ముందు ఒంగి, మెట్టు పక్కన నాలుగు చుక్కలు నేల మీద వదిలేవాడు. తల్లీ ఎల్లమ్మా అని గొణిగేవాడు. దాన్ని మేము సాక పోయడం అంటాము. నీళ్లు తాగినా మజ్జిగ తాగినా ఎవరూ పోయరు, కల్లు తాగే ముందే అమ్మవారికి ఆ భాగం. తీపి కలిసిన కల్లు కదా, తెల్లారేసరికి అక్కడ చీమలు పట్టి ఉండేవి. ఆదివారం పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు నేను వాటి మీదుగా చీపురు లాగబోతే మొదటిసారి అత్త ఆపింది.

"తల్లి తిన్నంక చీమలు తింటయ్. జర ఆగు పిల్లా, అవి పోయినంక ఊడ్వు."

అప్పటి నుంచి ఆ జాగా చివరికి ఊడ్చేదాన్ని.

మూడో ఏట మామ పాదాలు మారిపోయాయి. అవి తప్ప ఏమీ చూడని నాకే ముందు తెలిసింది. చెప్పులు పట్టనంతగా ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడుతోందని అత్త చెప్పింది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఎత్తుకొచ్చింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు చూసి, కల్లు మానితే బతుకుతావు, మానకపోతే వచ్చే వానాకాలం చూడవు అని మొహం మీదే చెప్పాడు. ఒక్క ముంత కూడా వద్దన్నాడు.

మామ ఒక నెల మానాడు. ఐదో శనివారం సంచి అరుగు మీద పెట్టి, చెప్పులు విప్పకుండా ఊరి చివర కల్లు మండువ దిక్కు నడిచాడు. తిరిగి వచ్చి కూలబడి, తలుపు వైపు మొహం పెట్టి అత్తతో అన్నాడు.

"నాతోని గాదు. ఇంట్ల ఒక్క ముంత పొయ్యి, బయట సుక్క ముట్ట. గా ఒక్క ముంత గూడ బంద్ జేస్తే మాట మీద నిలబడలేను."

అత్త ఆ వారమంతా తిండి తినలేదు. పోస్తే చేజేతులా చంపినట్టు, పోయకపోతే మండువకు పంపినట్టు. నన్ను పట్టుకుని ఏం చెయ్యాలె పిల్లా, ఏం చెయ్యాలె అని ఒకటే మాట. నాకు విసుగొచ్చింది. అంబలి తేట పోసి కల్లని ఇయ్యి, తాగేటోళ్లకు ఏం ఎరుక పడుతది అని కసురుకున్నాను. నిజంగా కసురుకోవడమే, ఉపాయం చెప్పడం కాదు. అత్త లేచి వెళ్లి జొన్నపిండి కుండ దించింది.

నా నోటి దూల నా పనిగా మారింది. అత్త చేయి అప్పటికే వణుకుతోంది కాబట్టి కలపడం నా వంతు అయింది. జొన్న అంబలిని రెండు రోజులు పులియబెట్టి, పైన తేరిన తేటను గుడ్డలో వడగట్టాను. రంగు పలచబడితే బియ్యం కడుగు కలిపాను. నాలుక మీద చురుక్కుమనడానికి అల్లం, మిరియాలు. తీపికి బెల్లం. నురగ కోసం కవ్వంతో చిలికాను. వాసన ఎట్లా అని ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ పని ముంతే చేసిపెట్టింది. ఇరవై ఏళ్లుగా కల్లు పీల్చిన మట్టి ముంత అది. అందులో నీళ్లు పోసినా కల్లు వాసనే వస్తుంది.

అయినా అత్తకు తృప్తి లేదు. తేనెటీగ ఏది అంది. మా వైపు కల్లులో ఈగో తేనెటీగో పడి ఉండకపోతే నమ్మరు. నీళ్లు కలపని కల్లు మీదికే తేనెటీగ వస్తుందని అంటారు. పెరట్లో బీరపాదు కింద వెతికి చచ్చిన తేనెటీగను ఒకదాన్ని తెచ్చి ముంతలో వేశాను. ఆ తర్వాత అత్త దొరికినప్పుడల్లా ఏరి, ఖాళీ అగ్గిపెట్టెలో దాచిపెట్టేది. చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ అగ్గిపెట్టెను మేము పసుపు కుంకుమల పక్కన పెట్టుకున్నాము.

మొదటి శనివారం అత్త ముంత ఇచ్చి వచ్చి నా పక్కన, తలుపు చాటున నిలబడింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. తలుపు సందులోంచి నా కళ్లు రెండూ ముంత మీదే ఉన్నాయి. అత్త చెవులు రెండూ ఆయన మాట కోసం కాచుకున్నాయి. ముంత పైకి లేచింది. చాలాసేపు దిగలేదు. దిగాక మీసం తుడుచుకున్న చప్పుడైంది.

"గీ కల్లు జర పులిసింది" అన్నాడు. కొంచెం ఆగి, "బాగనే ఉన్నది" అన్నాడు.

అత్త నోట్లో కొంగు కుక్కుకుంది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. ఇద్దరం వంటింట్లోకి వచ్చి, దొంగతనం చేసి దొరక్కుండా బయటపడ్డవాళ్లలా కూర్చున్నాము. ఎన్నో వారాల తర్వాత ఆ పూట అత్త నవ్వింది. అన్నం కూడా తిన్నది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మండువ దిక్కు పోలేదు. వానాకాలం వచ్చింది, వెళ్లింది. పాదాల వాపు తీసింది, చెప్పులు పట్టాయి. డాక్టరు చెప్పిన గడువు దాటిపోయిందని అత్త ఎల్లమ్మకు బోనం చేసింది. నాకు గర్వం పట్టుకుంది. ఊరికే అంబలి తేటతో సరిపెట్టకుండా అత్త కాలంకాలానికి కలిపినవన్నీ నేనూ కలపసాగాను. కాల్చిన మామిడికాయ అంబలికి భలే కుదిరింది. నేరేడు పండ్ల రసం పోస్తే పులుపు తెలియలేదు. మారేడు గడ్డ వేసినప్పుడు నాకే తాగాలనిపించింది. పాత దోస్తులు మండువకు రమ్మని పిలవడానికి వస్తే మామ అరుగు మీది నుంచి లేచేవాడు కాదు. మా కోడలు కలిపిన ముంత ముందు మీ మండువ కల్లు ఏ మూలకు అని వాళ్లను పంపించేవాడు. తలుపు చాటున ఆ మాట విని నేను ఉబ్బిపోయేదాన్ని. ఇంత తెలివైన మనుషులం, ఒక మగవాణ్ని ఏడాది పైగా ఎలా నమ్మించామో అని మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం ఒక ఆదివారం పొద్దున తీరింది. తొలకరి పడి నాలుగు రోజులైంది, ఎక్కడ చూసినా చీమలే. వాకిలి ఊడుస్తూ మెట్టు దగ్గరికి వచ్చాను. చీపురు ఆగకుండా మెట్టు పక్కనుంచి సాగిపోయింది. అప్పుడు నా చేయి ఆగింది. గోడ వెంట చీమలున్నాయి, గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాయి, మెట్టు పక్కన చేటంత నేల మీద ఒక్కటి లేదు. అక్కడ నేను ఆగి ఎన్నాళ్లయింది? క్రితం వారం ఆగలేదు. సీతాఫలాల కాలంలో ఆగలేదు. ఎంత వెనక్కి వెళ్లినా, అంబలి తేట పోసిన మొదటి వారం నుంచీ ఆ జాగాలో చీపురు ఆపిన గుర్తు లేదు.

చీపురు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆయన సాక పోయలేదు. మొదటి శనివారమే పోయలేదు. రంగు కుదిర్చాము, నురగ కుదిర్చాము, తేనెటీగను కూడా వెతికి తెచ్చాము. సాక సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నాలుక మీద పడకముందే, ముంత చేతికి రాగానే ఆయనకు తెలిసిపోయిందన్నమాట. ముప్పై ఏళ్లు కల్లు తాగినవాడికి అది కల్లు కాదని ఎవరు చెప్పాలి?

నాకు సిగ్గేసింది. అది ఇప్పటికీ పోలేదు. ఏడాది పైగా ఆ మనిషి చచ్చిన తేనెటీగను పక్కకు తీసి పులిసిన అంబలి తాగుతూ, బాగున్నది బాగున్నది అంటుంటే, నేను నా తెలివికి మురిసిపోయాను. దానికంటే ఇంకొకటి నన్ను ఎక్కువ కలచివేసింది. అమ్మవారి భాగం వదిలేయడమంటే ఆయన వయసువాళ్లకు చిన్న మాట కాదు. ఇంటికి కీడు జరుగుతుందని భయపడతారు. ఆ భయాన్ని కూడా మా ఇద్దరి కోసం కడుపులో పెట్టుకున్నాడు. పాదాలు తప్ప ఎరుగని మనిషి మీద నాకు అంతకు ముందెన్నడూ లేని ప్రేమ కలిగింది, మా బాపు మీద కలిగినట్టే.

అత్తకు చెప్పలేదు. ఆమె రాత్రుళ్లు కంటినిండా నిద్రపోతోంది, చెప్పి ఆ నిద్ర చెడగొట్టడం నాకు చేతకాలేదు. మామకు చెప్పే దారే లేదు, కోడలికి మామతో మాట ఎక్కడిది? శనివారాలు వస్తూనే ఉన్నాయి. నేను కలుపుతూనే ఉన్నాను, తేనెటీగను వేస్తూనే ఉన్నాను. వేసిన ప్రతిసారీ చేతులు కడుక్కునేదాన్ని.

మరో ఏడాదికి పైగా గడిచింది. ఈసారి వాపు వచ్చి తగ్గలేదు. మామ కచేరీకి వెళ్లడం మానేశాడు. అరుగు మీద నులకమంచం వేసుకుని పడుకునేవాడు. సీతాఫలాలు పండుతున్న రోజులు. ఒక శనివారం పగటిపూట అత్త పక్క ఊరి వైద్యుడి దగ్గరికి ఆకుమందు కోసం వెళ్లింది. సాయంత్రమైనా రాలేదు, మా ఆయన గొర్రెల వెంట చేలల్లో ఉన్నాడు. ముంత కలిపి సిద్ధంగా ఉంది, ఇచ్చేవాళ్లు లేరు. బయట మంచం మీద ఆయన కదిలిన చప్పుడు వినిపించింది. కొంగు తల మీదికి లాక్కుని, ముంత పట్టుకుని గడప దాటాను. ఆయన మొహాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నేను అనుకున్న దానికంటే చాలా ముసలివాడు.

ముంత చేతికిచ్చాను. లోపలికి తిరిగిపోకుండా అక్కడే నిలబడ్డాను.

"మామా, గిది కల్లు గాదు" అన్నాను.

ఆయన ముంతలోకి చూస్తూనే, "ఎరుకే బిడ్డా. మొదటి వారమే ఎరుక" అన్నాడు.

ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగగలిగాను.

"మీ అత్త వారం దినాలు అన్నం ముట్టలె. ముంత ఇచ్చిన్నాడు నవ్వింది, తిన్నది. చెప్పి గా నవ్వును ఎట్ల తీస్త?" కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "తల్లికి మాత్రం సాక పొయ్యలె. మీరు నాకు కల్లని ఇస్తె నేను తాగిన. ఆమెకు గూడ కల్లని పొయ్యబుద్ధి గాలె."

నేను మంచం దగ్గరికి జరిగాను. ముంత వైపు చూస్తూ అన్నాను.

"ఇయ్యాల అబద్ధం చెప్పలె గద మామా. అంబలని చెప్పే ఇచ్చిన. ఇయ్యాల సాక పొయ్యి."

ఆయన వేలితో తేనెటీగను తీసి మంచం పట్టె మీద పెట్టి, వీటిని ఎక్కడి నుంచి పట్టుకొస్తారు మీరు అని అడిగాడు. బీరపాదు కింద అన్నాను. నవ్వాడు. ఆ తర్వాత మంచం మీది నుంచి ఒంగబోతే నేను ముంత అడుగున చేయి వేసి పట్టుకున్నాను. ఇద్దరి చేతుల మీదుగా నాలుగు చుక్కలు మెట్టు పక్కన నేల మీద పడ్డాయి. తల్లీ ఎల్లమ్మా అన్నాడు. మిగిలింది మెల్లగా తాగాడు.

ఆ వచ్చే బేస్తవారం సాయంత్రం, నిజమైన జుమేరాత్ నాడు, ఆయన పోయాడు.

పదో దినాన పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెట్టడం మా ఆనవాయితీ. చుట్టాలు కల్లు కుండ దించుకొచ్చారు. ఆయనకు కల్లు కంటే ఇష్టమైంది ఏముంది అని ఎవరో అన్నారు. నీళ్లోడుతున్న తలతో మూల కూర్చున్న అత్త లేచి వచ్చి కుండకు అడ్డం నిలబడింది.

"ఆయన కల్లు ముట్టక మూడేండ్లాయె" అంది అందరి ఎదుట. "కోడలు కలిపిందే తాగిండు. అదే వెట్టున్రి."

చుట్టాలకు అర్థం కాలేదు. నాకు అర్థమైందో లేదో నేటికీ తెలియదు. ఆయనకు తెలుసన్న సంగతి అత్తకు కూడా తెలుసా అని ఆమె మొహంలో వెతికాను. ఆమె నా వైపు చూడలేదు. నేను ఎన్నడూ అడగలేదు.

లోపలికి వెళ్లి అంబలి తేట వడగట్టాను. సీతాఫలం గుజ్జు తీసి, గింజలు ఏరి, బెల్లం వేసి కలిపాను. అత్త వెనకాలే వచ్చి, అలవాటు చొప్పున అగ్గిపెట్టె అందించింది. ఇగ వద్దత్తా అన్నాను. ఆమె దాన్ని తీసుకెళ్లి బీరపాదు కింద ఒంపి వచ్చింది. విస్తరి ముందు ముంత పెట్టే ముందు నేనే మెట్టు దగ్గరికి వెళ్లి ఒంగి నాలుగు చుక్కలు వదిలాను.

మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తే మెట్టు పక్కన చీమలు పట్టి ఉన్నాయి. ఆ జాగా వదిలేసి మిగతా వాకిలి ఊడ్చాను.